ఫోన్‌కి “మెటల్ బాడీ” అంటే సరిపోదు, ఏ మెటలో కూడా చూడండి

ఒకసారి ఫోన్ వెనక జేబులో పెట్టుకునే బైక్ మీద కూర్చున్నాను. ఇంటికొచ్చి టేబుల్ మీద పెడితే అటూ ఇటూ ఊగుతోంది. చూస్తే వాల్యూమ్ బటన్ దగ్గర ఫ్రేమ్ వంగింది! బాక్స్ మీద మాత్రం “ప్రీమియం మెటల్ బాడీ” అని పెద్ద అక్షరాలు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే “ఫిజికల్ డ్యామేజ్, వారంటీ రాదు” అన్నారు. అప్పటి నుంచి కెమెరా, ప్రాసెసర్‌తో పాటు ఫ్రేమ్ దేనితో చేశారో కూడా చూస్తున్నాను.

స్వచ్ఛమైన అల్యూమినియం చాలా మెత్తన. అందులో వేరే మూలకాలు కొద్దిగా కలిపితే గట్టిపడుతుంది. అలా తయారైనదే మిశ్రమలోహం, అంటే అల్లాయ్. మన ఇంట్లో ఇత్తడి బిందె కూడా రాగి, జింక్ కలిపిన అల్లాయే. ఫోన్లలో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

1. అల్యూమినియం అల్లాయ్: 6000 సిరీస్‌లో మెగ్నీషియం, సిలికాన్ కలుపుతారు. 7000 సిరీస్‌లో ముఖ్యంగా జింక్ ఉంటుంది, ఇది ఇంకా గట్టిది. 2014లో ఐఫోన్ 6 ప్లస్ వంగుతోందని గొడవ అయింది గుర్తుందా? 2015లో వచ్చిన 6ఎస్‌కి యాపిల్ 7000 సిరీస్ వాడింది.

2. స్టెయిన్‌లెస్ స్టీల్: ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది పైన పల్చటి పొరలా ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గట్టిదే, కానీ అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు బరువు.

3. టైటానియం: 2023లో ఐఫోన్ 15 ప్రోకి వాడిన గ్రేడ్ 5లో సుమారు 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి. స్టీల్ ఫ్రేమ్ ఉన్న 14 ప్రో 206 గ్రాములైతే, 15 ప్రో 187 గ్రాములే. మైనస్ ఏంటంటే, ఇది వేడిని సరిగా బయటికి పంపదు. ఈ విషయంలో అల్యూమినియం అల్లాయ్ 20 రెట్లకు పైగా మెరుగు. 2025లో ఐఫోన్ 17 ప్రో మళ్లీ అల్యూమినియంకి వచ్చింది. అంటే ఖరీదైన మెటల్ అన్ని పనులకీ బెస్ట్ కాదన్నమాట.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? గేమింగ్ ఎక్కువైతే అల్యూమినియం ఫ్రేమ్ మేలు. “మెటాలిక్ ఫినిష్” అని రాస్తే జాగ్రత్త, అది ప్లాస్టిక్ మీద రంగు కూడా కావచ్చు. “అల్యూమినియం” అని మాత్రమే ఉంటే ఏ సిరీసో వెతకండి. అయితే అల్లాయ్ ఒక్కటే చాలదు, ఫ్రేమ్ మందం కూడా ముఖ్యం. బటన్ల కోసం కోసిన చోట మెటల్ తక్కువ ఉంటుంది, నా ఫోన్ వంగింది సరిగ్గా అక్కడే.

ఏ అల్లాయ్ అయినా సరే, కూర్చునే ముందు ఫోన్‌ని వెనక జేబులోంచి తీసేయండి. నేనిప్పుడు అదే చేస్తున్నాను.