సంధిపాఠమున సహబోధన - మిశ్రవిధానము

ప్రాచ్య కళాశాలలలో వ్యాకరణబోధన చిరకాలము ముఖాముఖిగనే సాగినది. యు.జి.సి. 2021లో వెలువరించిన మిశ్రబోధన ముసాయిదా పత్రము, ఒక్కొక్క పాఠ్యాంశములో 40 శాతము వరకు ఆన్‌లైన్‌లో బోధింపవచ్చునని సూచించినది. ఆ భాగ మేది కావలెనో ఆయా శాస్త్రముల స్వభావమే నిర్ణయింపవలెను. సంస్కృతాంధ్రాధ్యాపకు లిరువురు కలిసి సంధిప్రకరణమును బోధించు సందర్భమున ఈ విషయమును పరిశీలింతము.

'మను + అంతరము' మన్వంతరము అగుచున్నది. 'రాముడు + అతడు' రాముడతడు అగుచున్నది. రెండింటను ఉకారమునకు అకారమే పరమైనను ఫలము వేరు. మొదటిది పాణిని చెప్పిన యణాదేశము, ఉకారము వకారమైనది. బాలవ్యాకరణము (1858) ననుసరించి తెలుగున సంధి యనగా పూర్వపరస్వరముల రెండింటికిని పరస్వర మొక్కటియే ఆదేశమగుట. కావున రెండవదానిలో అకారమే నిలిచినది. ఇరువురు అధ్యాపకులును వేర్వేరుగ చెప్పి విడిచినచో విద్యార్థికి రెండు సూత్రపట్టికలు మిగులును గాని, ఏది ఎచట ప్రవర్తించునో తెలియదు.

సూత్రార్థము, పదవిభాగము, ఉదాహరణల ఉచ్చారణ - ఇవి పలుమారులు వినదగినవి. కనుక రికార్డు చేసి అందింపవచ్చును. అయితే ఒకరి పాఠమును మరొకరు విని, పరిభాషను సమన్వయించిన పిదపనే విద్యార్థుల కీయవలెను. 'ఆదేశము', 'ఆగమము' ఉభయశాస్త్రములకును సమానములు; 'ద్రుతము', 'కళ' తెలుగునకే చెందినవి. నెట్ సౌకర్యము లేనివారికి ఆ పాఠములు గ్రంథాలయమున లభింపవలెను.

శంకాసమాధానములకు మాత్రము తరగతియే తగిన స్థానము. అచట ఇరువురును ఉండవలెను. 'మనువు' తెలుగున వాడుక పదమే కదా, మన్వంతరమున తెలుగు సంధి యేల రాలేదని విద్యార్థి యడుగును. ఆ సమాసము సంస్కృతముననే సిద్ధమైనదని ఒకరు చెప్పుదురు. అది తత్సమమై తెలుగున చేరిన పిమ్మట 'మన్వంతరము + అది' మన్వంతరమది యగునని, అచట తెలుగు సంధియే ప్రవర్తించునని రెండవవారు చూపుదురు. ఒక్క పదముననే రెండు వ్యాకరణముల ప్రవృత్తిని విద్యార్థి అప్పుడు గ్రహించును. పరీక్షలోను ఉభయుల ప్రశ్నలు కలిసియే ఉండుట యుక్తము.

రికార్డు పాఠములున్నవి గదా యని ఇరువురిలో ఒకరి పనిగంటలను తొలగించినచో ఈ చర్చకు తావుండదు. ఆన్‌లైన్ పాఠము వలన మిగిలిన కాలమును ఇరువురి ఉమ్మడి తరగతికే వినియోగించుట ఈ విధానమునకు ప్రాణము.