మిడుతపిట్టల వంశ నిర్ణయము

పక్షులను గుర్తించుటకు కన్నులే చాలునని మనము సాధారణముగా తలంతుము. కాకిని నలుపునుబట్టియు, రామచిలుకను పచ్చదనమునుబట్టియు చెప్పగలము. కాని కన్నులను మోసపుచ్చు పిట్టలును గలవు. లొకస్టెల్లా అను ప్రజాతికి చెందిన పక్షులట్టివి. ఈ లాటిను పేరునకు చిన్న మిడుత యని యర్థము. 1829వ సంవత్సరమున కౌప్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రజాతినామముగా స్థాపించెను. పిట్టకు మిడుత పేరేల వచ్చెనో దాని కూతను వినినవారికి తెలియును.

వీనిలో ఐరోపా వారికి మిక్కిలి పరిచితమైన దాని పొడవు సుమారు 5 అంగుళములు. బరువు తులమునకు కొంచెమెక్కువ. వీపు గోధుమవన్నె, దానిపై నల్లని చారలు. పురుగులును సాలీళ్లును దాని యాహారము. అది గడ్డిదుబ్బుల నడుమ ఎలుకవలె ప్రాకుచు పోవునే కాని, కాలు మీద పడునంతవరకు ఎగురుట కిష్టపడదు. ఐరోపాలో పొదిగిన పక్షులు శీతకాలమున పశ్చిమాఫ్రికాకు పోవును. మధ్యాసియాలో పొదిగినవి మన దేశమునకు వచ్చును. అయినను అవి యిచ్చట కూయుట యరుదు గనుక, వాని ప్రక్కనే నడచిపోవుచుండియు మనము వానిని ఎరుగము.

ఇంగ్లాండులోని సెల్బోర్న్ గ్రామమున గిల్బర్టు వైటు అను క్రైస్తవ గురువుండెను. ఆయన 1768వ సంవత్సరమున నొక మిత్రునికి వ్రాసిన లేఖలో ఈ పిట్టను చక్కగా వర్ణించెను. ఆ లేఖలు 1789లో గ్రంథముగా వెలువడినవి. దాని కూత కీచురాయి రొదవలె, ఎడతెగక తిరుగు రాట్నపు ధ్వనివలె నుండును. దూరమున నున్నప్పుడు చెంతనే యున్నట్లును, చెంత నున్నప్పుడు అంతకంటె హెచ్చు వినబడనట్లును తోచును. కూయుచు తల నటునిటు త్రిప్పుట చేత ధ్వని హెచ్చుచు తగ్గుచు నుండును. ఇది పురుగు కాదు, పిట్ట యని చెప్పగా పల్లెవారు నవ్విరట! చెవిని నమ్మి, పొదలను ఓపికతో కనిపెట్టియుండెను గనుకనే వైటు దానిని చూడగలిగెను.

ఇక వర్గీకరణము. సన్నని ముక్కు గలిగి పురుగులను తిను చిన్న పిట్టల నన్నిటిని పూర్వులు సిల్వియిడే అను నొకే కుటుంబమున చేర్చిరి. నిజము చెప్పవలెనన్న, తావు దొరకని పిట్టల కది యొక సత్రము. ఆ సత్రములో గదులు పంచుటకు తోక యీకలను లెక్కించిరి. సెట్టియా ప్రజాతికి 10 ఈకలు. లొకస్టెల్లాకును, బ్రాడిప్టెరస్‌కును 12. ఈ కడపటి రెంటిలో వీపున చారలున్న వానిని మొదటి దానిలోను, చారలు లేని గోధుమవన్నె పిట్టలను రెండవ దానిలోను ఉంచిరి. చూపునకిది సవ్యముగనే యుండెను.

అయితే జీవకణములలోని డి.ఎన్.ఏ. పరీక్ష వచ్చిన పిమ్మట ఈ కట్టడము నిలువలేదు. 2006లో ఆల్‌స్ట్రోము మొదలగువారు ఆ పెద్ద కుటుంబమును పెక్కు కుటుంబములుగా విభజింపవలెనని చూపిరి. ఆసియాలోని చారలులేని పిట్టలు, ఆఫ్రికాలోని తమ పేరిటివారికంటె, చారలుగల లొకస్టెల్లాకే దగ్గరి చుట్టములని తేలెను. కావున వానిని లొకస్టెల్లాలోనికి మార్చిరి. బ్రాడిప్టెరస్ అను పేరు ఆఫ్రికా పక్షులకే మిగిలెను. మరియు లొకస్టెల్లాలో పుట్టి పెరిగినట్లు కనబడిన ఆరు జాతులు వేరు శాఖవని కనుగొని, 2018లో వానికి హెలోప్సాల్టెస్ అను క్రొత్త ప్రజాతి నేర్పరచిరి. ఆ యారింటిలో నొకటి పైన చెప్పిన మిడుతపిట్టకు చారలలో సహా మిక్కిలి పోలియుండును. గడ్డిలో దాగి బ్రదుకు పక్షులకు గడ్డివన్నె మేలు చేయును గనుక, దూరపు వంశముల వారును ఒకే వేషమును ధరింతురు. అన్నదమ్ములు భిన్నవేషములతోను నుందురు.

2015లో మధ్య చైనాలోని ఐదు రాష్ట్రముల పర్వతములందు నొక క్రొత్త జాతిని ప్రకటించిరి. దానికి చైనా పక్షిశాస్త్రజ్ఞుడు చెంగ్ త్సోషిన్ (1906-1998) గారి గౌరవార్థము లొకస్టెల్లా చెంగై యని పేరిడిరి. ఇది తూర్పు హిమాలయములలోను నుండు మాండెల్లై అను జాతికి కవల సోదరివలె నుండును. అయినను వీని పూర్వులు సుమారు 8,50,000 సంవత్సరముల క్రిందటనే వేరుపడిరని లెక్క. రెండును ఒకే కొండపై నున్న చోట చెంగై దిగువ వాలులను, మాండెల్లై ఎగువ వాలులను ఆశ్రయించును. చేతబట్టి చూచినవారికి రెంటి భేదము తెలియుట కష్టము. పొదలోనుండి కూసినప్పుడు మాత్రము ఏది యేదియో వెంటనే తెలియును.