యూనికో చేసిన పాపమేమిటి?
పిల్లల ధమ్మ తరగతికి ఒక బొమ్మల సినిమా పాఠం



పిల్లలకు ధమ్మం చెప్పాలంటే కథ కావాలి. మనకు జాతక కథలున్నాయి, బాబాసాహెబ్ జీవితం ఉంది. కానీ ఇంటికెళ్లాక పిల్లలు చూసేది టీవీలో, ఫోన్లో వచ్చే కార్టూన్లే. వాటిలో దేవుడు ఎప్పుడూ మంచోడు, రాక్షసుడు ఎప్పుడూ చెడ్డోడు. రాక్షసుణ్ణి చంపితే కథ అయిపోతుంది. అతణ్ణి రాక్షసుడని ఎవరన్నారు, ఎందుకన్నారు అని పిల్లలు అడిగే సందే ఉండదు. అందుకే ఈసారి పాఠానికి ఒక జపాన్ బొమ్మల సినిమాను తీసుకున్నాం. దాని పేరు ‘యూనికో’.

దీన్ని సృష్టించింది ఒసాము తెజుకా (1928–1989). జపాన్‌లో బొమ్మల కథల్ని మాంగా అంటారు. ఆ రంగంలో ఆయనంత పేరున్నవాళ్లు అరుదు. ‘ఆస్ట్రో బాయ్’ ఆయనదే. మెడిసిన్ చదివి కూడా బొమ్మలనే బతుకుగా ఎంచుకున్నాడు. 1945లో ఒసాకా నగరం మీద బాంబులు పడినప్పుడు ఆయన కుర్రవాడు, ఆ నాశనాన్ని కళ్లారా చూశాడు. 1972 నుంచి 1983 దాకా బుద్ధుని జీవితాన్ని పెద్ద మాంగాగా గీశాడు. అందులో సిద్ధార్థుడి కంటే ముందు మనకు కనిపించే పిల్లల్లో ఒకడు బానిస, ఇంకొకడు అంటరానివాడు. ఆ పుస్తకం గురించి మనలో కొందరికి తెలుసు. అవే ఏళ్లలో, 1976లో, చిన్నపిల్లల కోసం ఆయన మొదలుపెట్టిన యూనికో గురించి తెలిసినవాళ్లు తక్కువ. 1981లో అది సినిమాగా వచ్చింది. తీసింది హలో కిట్టీ బొమ్మల సాన్రియో కంపెనీ. దర్శకుడు తోషియో హిరాతా.

కథ ఇదీ. యూనికో ఒంటికొమ్ము గుర్రప్పిల్ల. తనను ప్రేమించినవాళ్లకు సంతోషం ఇవ్వగలదు. ఇది దేవుళ్లకు కంటగింపైంది. ఎవరు సుఖపడాలో, ఎవరు ఏడవాలో తేల్చేది మేమే గదా, ఈ పిల్లజీవి ఎవరు అనుకున్నారు. దాన్ని తీసుకెళ్లి మరుపు కొండ మీద వదిలెయ్యమని పడమటి గాలికి ఆజ్ఞ ఇచ్చారు. పసిదాన్ని అక్కడ వదలడానికి ఆ గాలికి మనసొప్పలేదు. ఆజ్ఞ మీరి వేరే చోటికి చేర్చింది. దేవుళ్లు ఊరుకోలేదు, వెంటాడమని రాత్రి గాలిని పంపారు. యూనికో చేరిన చోట ఒక దెయ్యం పిల్లాడు ఒంటరిగా ఉంటాడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. యూనికో వాడితో స్నేహం చేస్తుంది. తర్వాత మనిషి కావాలని ఆశపడే ఒక పిల్లికూనకు తోడవుతుంది. కానీ ఒకచోట స్నేహం కుదిరిందనేసరికి మళ్లీ ఆ చోటు వదిలిపోవాల్సిందే.

ఇందులో మనం నేర్చుకోవలసినవి మూడు.

మొదటిది, బాధపడేవాడు పాపి కాదు. సినిమా అయ్యాక పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: మంచి చేసినదానికి శిక్ష ఎందుకు? ఈ ప్రశ్నను దాటేయకండి. మన తాతలకు చెప్పిందేమిటి? పోయిన జన్మలో పాపం చేశారు, అందుకే ఈ కులంలో పుట్టారు, అనుభవించండి అని. యూనికో ఏ పాపమూ చెయ్యలేదు. దాని మంచితనం వల్ల పైవాళ్ల పెత్తనానికి దెబ్బ తగిలింది, అంతే. బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని తిరస్కరించారు. పేదల దుస్థితికి సమాజం, రాజ్యం తమ బాధ్యత తప్పించుకోవడానికే అది పనికొస్తుందని చూపించారు. కాబట్టి ఒకడు బాధపడుతుంటే ‘వీడేం పాపం చేశాడో’ అనకూడదు. ‘ఈ బాధ వల్ల ఎవరికి లాభం?’ అని అడగాలి.

రెండోది, మైత్రి. కరుణ మనుషుల పట్ల చూపే ప్రేమ, మైత్రి సకల ప్రాణుల పట్ల చూపే ప్రేమ అని బాబాసాహెబ్ విడమరిచారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది కూడా ప్రాణులన్నిటి పట్ల దయ గురించే. దెయ్యం అని పేరుపడినవాణ్ణి యూనికో కొట్టలేదు, చంపలేదు. పక్కన కూర్చుంది. చూడబోతే వాడు ఒంటరి పిల్లాడు. ఊరి బయట ఉంచి, పక్కన ఎవరూ కూర్చోకుండా చేసి, ఆపైన చెడ్డపేరు పెట్టడం మనకు కొత్త కాదు గదా!

మూడోది, అన్యాయమైన ఆజ్ఞ ధర్మం కాదు. పడమటి గాలి పెద్ద వీరురాలేం కాదు, పైవాళ్ల కింద పని చేసేదే. అయినా తన ప్రజ్ఞతో ఆలోచించింది. ఎంత పెద్దవాళ్లు చెప్పినా పరిశీలించకుండా ఒప్పుకోవద్దని భగవానుడు కాలాములకు చెప్పింది ఇదే.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. యూనికో కొమ్ము మహిమ చూసి, అలాంటిది ఒకటి వచ్చి మన కష్టం తీరుస్తుందని పిల్లలు అనుకోవచ్చు. బుద్ధుడు మార్గదాత, మోక్షదాత కాదు. మహిమలను ఆయన మెచ్చలేదు. కొమ్ము తీసేసినా ఆ కథలో మిగిలేది స్నేహం. అది మన చేతిలో ఉన్నదే.

తరగతిలో చర్చకు:
1. దేవుళ్లకు యూనికో మీద కోపం ఎందుకు వచ్చింది?
2. పడమటి గాలి చేసింది తప్పా, ఒప్పా? నువ్వైతే ఏం చేసేవాడివి, ఏం చేసేదానివి?
3. మీ బడిలో ఎవరూ మాట్లాడని పిల్లలున్నారా? రేపు వాళ్ల పక్కన ఎవరు కూర్చుంటారు?

మూడో ప్రశ్నకు జవాబు నోటితో చెప్పించకండి. వచ్చే ఆదివారం విహారానికి వచ్చినప్పుడు ఏం జరిగిందో అడగండి.

భవతు సబ్బ మంగళం.