చేయవలసినది, చేయక తప్పనిది

'ఇది నా బాధ్యత', 'అది నీకు ధర్మమా?', 'ఆయనకు ఋణపడియున్నాము' అని మనము దినమునకు ఎన్నిమారులో యనుచుందుము. నిఘంటువు తెరచి చూచినచో విధి, ధర్మము, కర్తవ్యము, బాధ్యత అను పదములు ఒకదానికొకటి అర్థములుగా కనబడును. పరీక్షలో పర్యాయపదములు వ్రాయుటకు అంతమాత్రము చాలును. కాని వాడుకలో ఇవి ఒకదాని చోట మరియొకటి ఇముడునవి కావు. విధి నిర్వహణలో ప్రాణము విడిచిన పోలీసులను ఏటేట అక్టోబరు 21వ తేదీన స్మరించుకొందుము. 1959లో ఆ దినమున లదాఖులోని హాట్ స్ప్రింగ్స్ యొద్ద పదిమంది పోలీసులు చైనా సైనికుల కాల్పులలో మరణించిరి. వారు 'ధర్మ నిర్వహణలో' మరణించిరని ఎవ్వరును వ్రాయరు. వాకిట నిలిచిన బిచ్చగాడు 'ధర్మం చెయ్యండి తల్లీ' యని యడుగునే గాని 'కర్తవ్యం చెయ్యండి' యని యడుగడు.

ఈ తారతమ్యమును కనుగొనుటకు సులభమైన ఉపాయ మొకటి కలదు. పదము వెంట వచ్చు క్రియను గమనింపవలెను. బాధ్యతను వహింతుము, మోయుదుము, ఇతరులకు అప్పగింతుము. ఒక్కొక్కప్పుడు అది మన నెత్తిన పడును. కనుక బాధ్యత యనగా బరువు. ఋణమును తీర్చుదుము. దాహము, మొక్కు, బాకీ మొదలగునవియు తీరునవే. తీరిన వెనుక మిగులునది యేమియు లేదు. ధర్మమునన్ననో ఆచరింతుము, పాటింతుము, లేదా తప్పుదుము. 'నా ధర్మము తీరిపోయినది, ఇక నాకు పనిలేదు' అను మాట తెలుగున వినబడదు. నిప్పునకు కాల్చుట ధర్మమైనట్లు, అది మనిషి ఉన్నంతకాలము అతనితోనే యుండును.

కర్తవ్య శబ్దము 'కృ' ధాతువునకు 'తవ్య' ప్రత్యయము చేరగా ఏర్పడినది. పోదగినది గంతవ్యము, పలుకదగినది వక్తవ్యము, చేయదగినది కర్తవ్యము. చేయుమని యాజ్ఞాపించిన వారెవ్వరో ఈ మాట చెప్పదు. విధి యట్లు కాదు. దాని వెనుక విధించువాడు ఒకడుండును. శిక్షను విధింతురు, పన్నును విధింతురు. బ్రహ్మకును విధి యని పేరు గలదు. అందుచేతనే తలవ్రాతయు విధి యయ్యెను. ఒకే పదము ఒకచోట మనము చేయవలసిన పనిని, మరియొకచోట మన చేతిలో ఏమియు లేదనుటను తెలుపుచున్నది! 1976లో 42వ సవరణ ద్వారా భారత రాజ్యాంగమున చేర్చబడిన పదింటిని ప్రాథమిక విధులని వ్యవహరించుచున్నాము. 2002లో 86వ సవరణతో పదునొకండవది చేరినది. ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బిడ్డకు చదువుకొను అవకాశమును కల్పించుట తల్లిదండ్రుల, సంరక్షకుల విధి. ఈ పాఠమును చదువు మీలో పెక్కురు ఆ వయస్సువారే. గమనింపుడు, ఈ విధి మీది కాదు, మీ పెద్దలది.

ఇంతవరకు చెప్పినవి సంస్కృత పదములు. మన తెలుగు మాటలు ఇంతకంటె సూక్ష్మమైనవని నా యభిప్రాయము. 'నాకు నీరు కావలెను' అన్నప్పుడు కోరికను, 'నేను పోవలెను' అన్నప్పుడు నిర్బంధమును ఒకే 'వలెను' తెలుపుచున్నది. నేటి వాడుకలోని 'కావాలి', 'పోవాలి' అనునవి వీనినుండి వచ్చినవే. ఇక 'తప్పు' అను మాటను చూడుడు. దారి తప్పుట, మాట తప్పుట, గురి తప్పుట, ఇవన్నియు ఉండవలసిన చోటినుండి తొలగుటయే. తొలగుటకు వీలులేనిది 'తప్పదు'. జ్వరముతో నున్న అమ్మమ్మ యొద్ద రాత్రి కూర్చుండిన బాలుడు మరునాడు మిత్రునితో 'నేను ఉండాలి, అందుకే ఉన్నాను' అనవచ్చును. 'ఉండక తప్పలేదు' అనవచ్చును. 'ఉండవలసి వచ్చింది' అనవచ్చును. కూర్చుండిన రాత్రి ఒక్కటియే. కాని పక్కగదిలోనుండి ఆ మాట విన్న అమ్మమ్మకు మూడును ఒకటిగా తోచవు.

పూచీ, జామీను, హామీ, జవాబుదారీ అనునవి కచేరీ మాటలు. వీనిలో కొన్ని అరబ్బీ, పారశీక భాషలనుండి వచ్చి మనవైనవి. పూచీ పడినవాడు ఇతరుని బాకీకి తాను నిలబడును; జవాబుదారి అయినవాడు అడిగినప్పుడు సమాధానము చెప్పవలెను. ఇంతకు మించి వీనిని గూర్చి చెప్పనక్కరలేదు.

ఋణమును గూర్చి మాత్రము కొంత చెప్పవలసియున్నది. బ్రాహ్మణుడు ఋషులకును, దేవతలకును, పితరులకును ఋణపడి జన్మించునని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. మనకు లభించినది ఇతరుల వలన లభించినదను ఎరుక ఈ భావమునందున్నది. కాని ఇదే ఋణము పేదవాని మెడకు ఉరియు నైనది. అప్పు తీరువరకు ఋణస్థుడు అప్పిచ్చిన వాని యింట చాకిరి చేయు పద్ధతి పూర్వపు హైదరాబాదు సంస్థానములో 'భగేలా' యను పేరున నడచినది. తండ్రి చేసిన అప్పునకు కొడుకు పశువులను కాచిన ఇండ్లు అనేకములు. కూలి లేకుండ దొరలకును, అధికారులకును చేసిన పనిని తెలంగాణమున 'వెట్టి' యనిరి. ఇది 'విష్టి' యను సంస్కృత పదమునుండి వచ్చినది. చేయించుకొనువాడు దానిని ఆనవాయితీ యనెను, కొన్నిచోట్ల ధర్మమనియు అనెను. చేయువాడు మాత్రము 'వెట్టి' యనెను. వాని మాటయే సరియైనది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము బలవంతపు చాకిరిని నిషేధించినది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఆ మనుష్యులను విడిపించుటయే గాక, వారిని కట్టివేసిన అప్పును తిరిగి చెల్లింపనక్కరలేదనియు చెప్పినది. తీర్చకయే తీరిన ఋణములు ఇవి.

చివరగా ఒక వింతమాట. మొక్కిన మొక్కును చెల్లించుట మొక్కుబడి. తిరుపతి కొండకు పోయి తలనీలాలు సమర్పించువారి భక్తిని మీరెరుగుదురు. అట్టి మాట నేడు 'ఏదో మొక్కుబడిగా వచ్చి వెళ్ళాడు', 'తనిఖీ మొక్కుబడిగా సాగింది' అని మనసులేని పనికి పేరైనది. తీర్చివేసి చేతులు దులుపుకొనువారు పెరుగుటచే ఈ మార్పు వచ్చినదేమో యని నేను తలంతును. బిడ్డ ప్రాణమునకై మొక్కుకొని, రూపాయి రూపాయి కూడబెట్టి, కొండ మెట్లన్నియు కాలినడకను ఎక్కి వచ్చిన ముసలమ్మకు ఈ క్రొత్త యర్థమును చెప్పినచో ఆమె నమ్మదు.