తగ్గిస్తానంటే నమ్మవచ్చా?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తాగుడు గురించే. పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్ళు. లారీల బాడుగలు మాట్లాడే పని. రోజూ రెండు క్వార్టర్లు పడితే గానీ నిద్రపోరు. ఈమధ్య పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయి, ఒక గుక్క పడితేనే చొక్కా గుండీలు పెట్టుకోగలరు. పోయిన ఏడాది మా అమ్మాయి మీద ఒట్టేసి మానేశారు. రెండో రోజే ఫిట్స్ వస్తే ఆసుపత్రిలో చేర్చాం. ఇప్పుడు ‘మానను గానీ తగ్గిస్తా’ అంటున్నారు. మా అన్నయ్యేమో ‘అదంతా నాటకం, గదిలో పెట్టి తాళం వెయ్యి’ అంటున్నాడు. ఏం చెయ్యను?
- ఒక గృహిణి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ తాళం సంగతి. పొరపాటున కూడా ఆ పని చెయ్యొద్దు.

ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి మెదడు, మద్యం తెచ్చే మత్తును తట్టుకోవడానికి ఎప్పుడూ ఉద్రేకంగా ఉండటం అలవాటు చేసుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, కట్టుకున్న భార్యను గుర్తుపట్టరు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చున్న ఇళ్ళున్నాయి. చికిత్స అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ.

అందుకే ఆయన మాట నాటకమని నేననుకోను. మానితే ఏమవుతుందో ఆయన ఒంటికి తెలుసు, ఆ భయమే అలా మాట్లాడిస్తోంది. అయినా ఆయనకు నా సలహా పూర్తిగా మానడమే. పొద్దున వణుకు, ఆపితే ఫిట్స్ ఉన్నవాళ్ళలో ఇంత అని లెక్క పెట్టుకుని అక్కడే ఆగగలిగేవారు చాలా అరుదు. కానీ ఆ మానడం ఆసుపత్రిలో జరగాలి. వారం, పది రోజులు ఉంచుకుని వణుకు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి, వాటిని మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు తప్పనిసరి. మన ఊళ్ళలో తాగి పడిపోయినవాళ్ళకు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించి పంపేస్తుంటారు. రోజూ తాగేవాళ్ళలో బి1 అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎక్కడికి తీసుకెళ్ళినా ‘ఈయన రోజూ తాగుతారు’ అని దాచకుండా చెప్పండి.

ఆసుపత్రిలో చేరేలోపు తాగుడు బలవంతంగా ఆపించకండి. ఖాళీ కడుపుతో తాగనివ్వకండి. బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. నిద్రమాత్రలు ఇంట్లో ఉంచకండి. ఇదేం రాజీ పడటం కాదు, చికిత్స ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇంకో మాట, అమ్మాయి మీద మళ్ళీ ఒట్టు వేయించకండి. ఒట్టు తప్పిన ప్రతిసారీ తనకేమవుతుందోనని వణికేది ఆ పిల్లే.

ప్రశ్న: నాకు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాలు తప్పకుండా, వారం మధ్యలో ఇంకో రోజు తాగుతాను. విస్కీ జోలికి పోను, స్ట్రాంగ్ బీర్లే, కూర్చుంటే మూడు. ఏటా అయ్యప్ప మాల వేస్తాను, 41 రోజులు చుక్క ముట్టను, ఏ ఇబ్బందీ ఉండదు. మొన్నొక రాత్రి బైక్ ఇంటికెలా వచ్చిందో గుర్తు లేదు. అప్పటినుంచి మా ఆవిడ డి-అడిక్షన్ సెంటర్‌కి వెళ్ళమని గొడవ. తగ్గించుకుంటే చాలదా?
- హైదరాబాద్

జవాబు: చాలవచ్చు. ముందు లెక్క సరిచేసుకుందాం. 30 ఎంఎల్ విస్కీ పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉంటుంది కాబట్టి, ఒక్క సీసాలో 40 గ్రాములు. అంటే మూడు బీర్లు పన్నెండు పెగ్గులు, రెండు క్వార్టర్లతో సమానం. పై ఉత్తరంలోని లారీల ఆయన ఒక రోజు కోటా అది. ‘బీరేగా’ అనే మాట ఇక ఆపేయండి.

మాలలో ఉండగా వణుకు, నిద్రలేమి రాలేదంటే మీ ఒళ్ళు ఇంకా మద్యానికి బానిస కాలేదన్నమాట. అది మంచి సంగతే. కానీ మాల తీసిన రాత్రి ఎంత తాగారో మీరు రాయలేదు. పైగా ఆ 41 రోజులూ మిమ్మల్ని ఆపింది మీ పట్టుదల ఒక్కటే కాదు. నల్లబట్టలు చూసి ఏ స్నేహితుడూ గ్లాసు చేతికివ్వడు, ‘స్వామీ’ అని పక్కకు తప్పుకుంటాడు. మామూలు రోజుల్లో ఆ కాపలా ఉండదు. అందుకని ఈసారి మాల లేకుండా నాలుగు వారాలు ఆపి చూడండి. ఆ తర్వాతే తగ్గించుకుని తాగడం గురించి ఆలోచించాలి.

ఆ తగ్గించడం కూడా గాల్లో మాటగా ఉండకూడదు. ఎంత తాగాలో బయల్దేరే ముందే ఫోన్‌లో రాసుకోండి, తాగింది తాగినట్టు అందులోనే ఎక్కించండి. స్ట్రాంగ్ మానేసి లైట్ బీరు, అదీ చిన్న సీసా. భోంచేసి కూర్చోండి. లివర్ గంటకు దాదాపు ఒక పెగ్గు మాత్రమే ఖర్చు చేయగలదు, అంతకన్నా వేగంగా తాగింది రక్తంలో పేరుకుంటుంది. మూత తీసిన సీసా ఖాళీ చేయాల్సిందేనన్న పట్టింపు మన పార్టీల్లో ఒకటుంది. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. మిగిలింది సింకులో పారబోయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

బైక్ విషయంలో మాత్రం బేరం లేదు. ఆ రాత్రి మీరు మర్చిపోవడం కాదు, మెదడు అసలు దాన్ని నమోదే చేయలేదు. బండి నడుపుతూనే ఉన్నారు, మనిషి లేడు. తాగే రోజు బండి ఇంట్లోనే ఉండాలి. చట్టం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమంటుంది. మీరు పెట్టుకోవాల్సిన హద్దు సున్నా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది, మొత్తం 40 మార్కులు. ఎనిమిదికి చేరితే జాగ్రత్త పడాలి, ఇరవైకి చేరితే తగ్గించడం మీద ఆశ పెట్టుకోకూడదు. మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని జవాబులు రాయండి, మార్కులు కాస్త నిజానికి దగ్గరగా వస్తాయి. గోవాలో ఈ పరీక్షలో 12 నుంచి 19 వచ్చిన మగవాళ్ళకు, శిక్షణ పొందిన మామూలు మనుషుల చేత కొద్ది విడతల కౌన్సెలింగ్ ఇప్పించారు. మూడు నెలలకు మామూలు వైద్యం పొందినవారిలో 26 శాతం మంది, కౌన్సెలింగ్ కూడా పొందినవారిలో 36 శాతం మంది ప్రమాద స్థాయి కిందికి దిగారు. ‘లాన్సెట్’లో 2017లో వచ్చిన పరిశోధన ఇది. అద్భుతమేమీ కాదు గానీ, పనికొచ్చే మార్పు. కోరిక బలంగా ఉంటే నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర ఉంది. దాన్ని లివర్ పరీక్ష చేయించుకుని సైకియాట్రిస్ట్ రాస్తేనే వాడాలి.

ఈ దారి అందరికీ పడదు. అమెరికాలో మితంగా తాగాలనుకునేవాళ్ళ కోసం 1994లో ‘మోడరేషన్ మేనేజ్‌మెంట్’ సంఘం పెట్టిన ఆడ్రీ కిష్‌లైన్, తనకు ఆ పద్ధతి సాగడం లేదని 2000 జనవరిలో తప్పుకుని, పూర్తిగా మానేవాళ్ళ దారి పట్టారు. రెండు నెలలకే తాగి వాహనం నడిపి ఒక తండ్రినీ కూతురినీ బలి తీసుకున్నారు. రెండు దారులవాళ్ళూ ఎదుటివాళ్ళను దెప్పడానికి ఆ కథ చెబుతారు. నాకైతే అందులో కనిపించేది ఒకటే, సాగడం లేదని ఆలస్యంగా ఒప్పుకోవడం. మీరు మూడు నెలలు గడువు పెట్టుకోండి. రాసుకున్న లెక్క పదేపదే తప్పుతుంటే, ఇక మానడమే.

ప్రశ్న: తాగేవాడికి తెలియకుండా సాంబారులో కలపమని ఒక పొడి ఇచ్చారు. కలిపిన మూడో రోజు మా తమ్ముడికి ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ. మందు పనిచేస్తున్నట్టేనా?
- ఒక అక్క, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఈ పూటే ఆపండి. మీరు రాసిన లక్షణాలు డైసల్ఫిరామ్ మీద మద్యం పడితే వచ్చేవి. ఆల్కహాల్ విరిగే దారిలో పుట్టే విషపదార్థం ఒంట్లోనే నిలిచిపోతుంది, బీపీ పడిపోతుంది, గుండె బలహీనంగా ఉంటే అక్కడికక్కడే ప్రమాదం. అది మంచి మందే, తాగేవాడు తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకుంటే. ఆపిన తర్వాత కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు కాబట్టి మీ తమ్ముడికి నిజం చెప్పి తీరాలి. తిడతాడు. తిట్టనివ్వండి. ఆ పొట్లంతో సహా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా బాపు 60 ఏళ్ళ మనిషి. పొద్దుమాపు కల్లు అలవాటు. జ్వరమొచ్చి నాలుగు రోజుల సంది కల్లు బంద్. రాత్రి లేచి ఎవరితోనో మాట్లాడుతున్నడు. జ్వరం నెత్తికెక్కిందా?
- నిజామాబాద్ జిల్లా

జవాబు: జ్వరమూ కావచ్చు, కల్లు ఆగడమూ కావచ్చు. చెట్టు కల్లు వేరు, దుకాణంలో అమ్మే మందు కల్లు వేరు. అందులో ఆల్ప్రాజోలమ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతున్నారన్నది పాత సంగతే. అవి అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆగితే ఇలాగే అవుతుంది. 2015లో మీ జిల్లాలోనే కల్తీ కల్లు దొరకక ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఉత్తరానికి జవాబు వచ్చేదాకా ఆగాల్సిన జబ్బు కాదు. ఇప్పటికీ తగ్గకపోతే వెంటనే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళి, జ్వరంతో పాటు కల్లు సంగతీ చెప్పండి.

ప్రశ్న: పోయిన సంచికలో ‘మానలేకపోతే తగ్గించండి’ అని రాశారు. అది తాగమని అనుమతి ఇవ్వడమే. దూబగుంట ఆడవాళ్ళు పుట్టిన జిల్లా మాది. ఇలాంటి రాతలు చూస్తే బాధగా ఉంది.
- విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. 1992లో ఆ ఆడవాళ్ళు సారా పాటలకు అడ్డం పడకపోతే 1993లో సారా నిషేధం వచ్చేది కాదు, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చేది కాదు. రెండేళ్ళకే, 1997లో, ఆ రెండోదాన్ని సడలించారు. దుకాణం మూయించాలా వద్దా అన్నది ప్రభుత్వంతో తేల్చుకోవాల్సిన పని, అందులో నేను మీ పక్షమే. తాగుడుకు ఇంత దాకా సురక్షితం అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది కూడా.

నా గదిలో కూర్చున్న మనిషి సంగతి వేరు. ఇవాళ మానడానికి సిద్ధంగా లేనన్నవాణ్ణి ‘మానాకే రా’ అని పంపేస్తే, అతను మళ్ళీ వచ్చేది లివర్ పాడై, పొట్టలో నీరు చేరాకే. షుగరు రోగి లడ్డూ తిన్నాడని ఇన్సులిన్ ఆపేస్తామా? ఈలోపు తాగి బండి నడపకుండా, ఇంట్లో చెయ్యి లేపకుండా, జీతం ఇంటికి చేరేలా చూడగలిగితే అది ఆ ఇంటి ఆడవాళ్ళకే ముందు మేలు. తగ్గించడానికి వచ్చి, లెక్కలు రాసి రాసి, ‘ఈ తంటా కన్నా మానడమే సులువు’ అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాట వాళ్ళ నోట రావడానికి కొంత టైమ్ ఇస్తున్నానంతే.

పాఠకులకు: రాత్రిపూట ఆదుకునేవారు లేకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. నాకు రాసేటప్పుడు మాత్రం ఏ మద్యం, ఎన్ని ఎంఎల్, వారానికి ఎన్ని రోజులు, ఆపితే ఏమవుతోంది అన్నవి తప్పక రాయండి. ‘కొంచెం తాగుతాడు’ అని రాస్తే జవాబు చెప్పలేను.