స్టీరింగు మూలుగు: కారణములు, మరమ్మతు

కోదాడ ప్రాంతమున నేడు ట్రాక్టరు లేని గ్రామ పంచాయతీ అరుదు. 2019 లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీళ్ల ట్యాంకరును సమకూర్చుకొన్నవి. ఉదయము చెత్త సేకరణకు పోవు బండియే మధ్యాహ్నము మొక్కలకు నీరు మోయును. పొలములో తిన్నగా సాగు ట్రాక్టరు కంటె దీని స్టీరింగునకు శ్రమ అధికము. ఇరుకు సందులలో నిండు ట్రాలీతో ఇల్లిల్లు ఆగుచు, నిలిచిన చోటనే చక్రములు త్రిప్పవలసి యుండును. కావున కొన్ని యేండ్లు గడచిన పిమ్మట, స్టీరింగు త్రిప్పినప్పుడెల్ల బండి ముందు భాగమునుండి సన్నని మూలుగు వినవచ్చుట వింత కాదు. సొంత కారు గల సభ్యులు కూడ ఈ ధ్వనిని ఎరిగియే యుందురు.

శబ్దము వినగానే "పంపు పోయినది, క్రొత్తది వేయవలెను" అను మాట బయలుదేరును. తీర్మానము చేసి, బిల్లు చెల్లించి, క్రొత్త పంపు వేయించిన పిమ్మట కూడ మూలుగు మరల మొదలగుట కలదు. ఏలయనగా అట్టి చోట దోషము పంపులో లేదు. పంపునకు నూనె సరిగా అందకపోవుటలో ఉన్నది.

చేతి బలమునకు నూనె ఒత్తిడిని తోడుచేయు ఈ పవర్ స్టీరింగును అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926 ప్రాంతమున రూపొందించెను. 1951 లో క్రైస్లర్ కంపెనీ దీనిని కార్లలో అమర్చి అమ్మజూపినది. ఇంజను త్రిప్పు చిన్న పంపు డబ్బాలోని నూనెను పీల్చి, గొప్ప ఒత్తిడితో చక్రములను మలుపు భాగమునకు పంపును. కార్లలో ఈ ఒత్తిడి వాయుమండల పీడనమునకు 70 నుండి 100 రెట్ల వరకు పోవును. నూనె తగ్గినను, పీల్చు గొట్టములో గాలి చొరబడినను నూనెలో బుడగలు పుట్టును. ఆ బుడగలు ఒత్తిడికి చితుకునప్పటి ధ్వనియే మనము విను మూలుగు. సాగర్ ఎడమ కాలువ గట్టున ఇంజను పంపు పెట్టిన రైతు, ఫుట్‌వాల్వు నీటిపైకి తేలినప్పుడు పంపు గాలి పీల్చి అరచుట చూచియే యుండును. ఇదియు అట్టిదే. అయితే ఇచ్చట బుడగ చితికినప్పుడెల్ల పంపు లోపలి లోహము రవంత అరుగును. ఉపేక్షించినచో నిజముగనే పంపు పోవును.

మొదట శబ్దమును పోల్చుకొనవలెను. బండిని సమతలమున నిలిపి, ఇంజను నడుచుచుండగా స్టీరింగును ఇరువైపులకు మెల్లగా త్రిప్పవలెను. త్రిప్పుటతో మూలుగు పుట్టి, ఇంజను వేగముతో హెచ్చినచో పంపు వైపు చూడవలెను. కారులో కీచుమను అరుపు వచ్చినచో బెల్టు వదులైనదేమో చూడవలెను. బండి పరుగెత్తునప్పుడే వచ్చి, నిలిచినప్పుడు లేని రొద చక్రపు బేరింగుదో టైరుదో కావచ్చును. స్టీరింగును చివరికంట త్రిప్పి పట్టినప్పుడు మాత్రము కొంచెము బుస వినిపించుట సహజము. అట్లు 5 సెకనులకు మించి పట్టరాదు. నూనె లేకయే విద్యుత్ మోటారుతో పనిచేయు స్టీరింగు గల నేటి కార్లకు ఈ పరీక్షలు వర్తింపవు.

పిమ్మట ఇంజను ఆపి, నూనె డబ్బా మూతను గుడ్డతో తుడిచి తీయవలెను. సిమెంటు కర్మాగారములున్న మేళ్లచెరువు మార్గమున తిరుగు బండ్ల మూతపై ధూళి పేరుకొని యుండును. తుడువక తీసినచో అది నేరుగా నూనెలో పడును. నూనె గుర్తుకంటె దిగువనున్నదా, నురుగు కట్టినదా, నల్లబడి మాడు వాసన వచ్చుచున్నదా యని గమనింపవలెను. నురుగు గాలికి గుర్తు. నలుపు, మాడు వాసన పాతబడిన నూనెకు గుర్తు.

నూనె తగ్గినదనగా ఎక్కడనో కారుచున్నదని అర్థము. దానిని కనిపెట్టక నూనె పోయుచుండుట మరమ్మతు కాదు. గొట్టముల అతుకులు, పంపు ఇరుసు సీలు, ట్రాక్టరు ముందు ఇరుసువద్దనున్న స్టీరింగు సిలిండరు సీలు పరీక్షింపవలెను. ఇంజను నడుచునపుడు కారుడును చేతితో తడుముట ప్రమాదము. సూదివలె చిమ్ము నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్టి గాయము చిన్నదిగా తోచినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. అట్టముక్కను అడ్డుపెట్టి చూచుట క్షేమము. ఇక డబ్బానుండి పంపునకు పోవు గొట్టపు తీరు వేరు. దాని క్లిప్పు వదులైనను నూనె బయటికి కారకపోవచ్చును, గాలి మాత్రము లోనికి పోవును. నేలపై చుక్క లేదు గనుక అంతయు బాగున్నదని తలచువారు ఇచ్చటనే మోసపోవుదురు. క్లిప్పు బిగించినంతనే నయమగు బండ్లును కలవు.

నూనె తయారీదారు పుస్తకములో చెప్పినదే పోయవలెను. బ్రేకు నూనె ఎన్నడును పోయరాదు. అది రబ్బరు సీళ్లను పాడుచేయును. డబ్బాలో జల్లెడ యున్నచో కడుగుటయో మార్చుటయో చేయవలెను. తరువాత ట్రాలీని విడదీసి, గట్టినేలపై ముందు చక్రములను జాకీతో లేపి, దిట్టమైన ఊతలపై నిలిపి, ఇంజను ఆపియే స్టీరింగును ఈ చివరినుండి ఆ చివరికి ఇరువది మారులు మెల్లగా త్రిప్పవలెను. తగ్గిన నూనెను నడుమ నడుమ నింపవలెను. చిక్కిన గాలి బుడగలుగా డబ్బాలోనికి వచ్చును. పిదప ఇంజను నడిపి మరల త్రిప్పి చూడవలెను. తొందరపడి మొదటనే ఇంజను నడిపినచో గాలి నూనెలో కలిసి నురుగగును.

స్టీరింగు బరువెక్కినను, కుదుపులతో తిరిగినను ఆ బండిని రోడ్డుపైకి పంపరాదు. హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిని దాటవలసిన గ్రామములవారు ఈ విషయమున డ్రైవరుపై ఒత్తిడి చేయరాదు. ఒకపూట చెత్త నిలిచినను నష్టము లేదు.

ఇంత చేసినను మూలుగు తగ్గనిచో పంపు అరిగినదనుకొనవచ్చును. అప్పుడు క్రొత్తది అవసరమే. బిల్లు మంజూరు చేయకముందు సభ్యులు పాత పంపును తెప్పించి చూడవలెను. అది విడిచిన లోహపు రజను గొట్టములలో నిలిచియుండును గనుక, క్రొత్త పంపు బిగింపక పూర్వమే డబ్బాను, గొట్టములను కడిగి నూనె అంతయు మార్చవలెను. కడుగుటకు పట్టిన నూనె పద్దు బిల్లులో లేకున్నచో, ఆ పని జరిగినదా యని మెకానిక్కును అడుగవలెను.