బ్యాగు కుట్టబోతున్న అమ్మడికి



నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మూడు ఫొటోలూ చూశాను. బట్టతోనే శిల్పంలా నిలబడే బ్యాగు కుట్టి చూపించమని క్లాసులో అన్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచట్లేదనీ రాశావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను, సూది పట్టుకునేటప్పుడు పక్కనుంచుకో.

ముందు మొదటి ఫొటోలో ఉన్న ఆ త్రికోణాల బ్యాగు సంగతి. అది జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే సంస్థది, బావ్ బావ్ అంటారు. 2000లో మొదట వచ్చినప్పుడు దాని పేరు బిల్బావ్. స్పెయిన్‌లో బిల్బావ్ అనే ఊళ్ళో ఉన్న గుగెన్‌హైమ్ మ్యూజియం మీది అభిమానంతో పెట్టిన పేరది. కాగితం మడిచినట్టు కనబడుతుంది గానీ అందులో మడతేమీ లేదు. జాలీ బట్ట మీద గట్టి ప్లాస్టిక్ త్రికోణాలు అమర్చి, వాటి మధ్య సన్నటి సందులు వదిలారు. ఆ సందుల దగ్గరే బ్యాగు వంగుతుంది, లోపల ఏం పెడితే ఆ ఆకారానికి తిరుగుతుంది. గట్టిదానికీ మెత్తదానికీ ఉన్న ఆ పొత్తు చూసి నేర్చుకో, చాలు. గ్లూ గన్ తెచ్చి అట్టముక్కలు అతికించే పని మాత్రం పెట్టుకోకు. నాలుగు రోజులకు ఊడతాయి, పైగా అది వాళ్ళ ఆలోచన, నీది కాదు.

రెండో ఫొటోలో సన్నటి ప్లీట్లు కూడా అదే ఇంటివి, 1993లో వచ్చిన ప్లీట్స్ ప్లీజ్ రకం. వాళ్ళు బట్టని ముందే రెండున్నర, మూడింతలు పెద్దగా కత్తిరించి కుట్టేసి, తర్వాత కాగితాల మధ్య పెట్టి వేడి ప్రెస్‌లోకి పంపుతారు. అది పాలిస్టర్ కాబట్టి వేడికి పడ్డ మడత ఇక పోదు. వాళ్ళకంటే ముందు, 1907 ప్రాంతంలో వెనిస్‌లో మారియానో ఫోర్చునీ వర్క్‌షాపులో పట్టుతో డెల్ఫోస్ అని గౌను తయారైంది. ఆ పట్టు ప్లీట్లు తడిస్తే విడిపోయేవి, మళ్ళీ మడతలు వేయించుకోవడానికి ఆయన దగ్గరికే పంపేవాళ్ళు. నూలు సంగతి నీకు తెలిసిందే: పొద్దున చేసిన ఇస్త్రీ మధ్యాహ్నం చెమటకే పోతుంది. కాబట్టి నూలులో మడత నిలవాలంటే వేడిని నమ్ముకోకూడదు, కుట్టునే నమ్ముకోవాలి.

అందుకే నీకు మూడో ఫొటోలోది చెబుతాను. అల్లికలా ఒకదాని కిందికి ఒకటి దూరినట్టు కనబడే ఆ పని లాటిస్ స్మాకింగ్. ఇదేదో విదేశీ వింత అనుకోకు. సోఫాల మీద గుండ్రటి శాటిన్ దిళ్ళు, మధ్యలో పెద్ద గుండీ, చుట్టూ ఉబ్బిన మడతలు చూశావు కదా, అవన్నీ ఈ చెట్టు కొమ్మలే. మన ఊళ్ళ కుట్టు క్లాసుల్లో ఆడపిల్లలు ఇది నేర్చుకుని దిండు గలీబులు కుట్టారు. దాన్ని దిండు మీద నుంచి దించి భుజానికి తగిలించడమే నీ పని. 

ఇప్పుడు అసలు మాట. బ్యాగులో పనులు రెండు: చూపూ, మోతా. పైబట్ట వెలుగునీడలు చూపించాలి, లోపలి బట్ట బరువు మొయ్యాలి. రెండూ ఒకే బట్ట నెత్తిన పెట్టావంటే నీళ్ళ బాటిలు, లాప్‌టాప్ పడ్డ రోజే మడతలు సాగి, ముడులు తెగి, నీ శిల్పం సంచీ అయి కూచుంటుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క సంగతి కోసమే.

బట్ట ఒకే రంగులో తీసుకో. మంగళగిరి నూలు ఇందుకు బాగుంటుంది. ఒళ్ళంతా సాదాగా ఉంటుంది, నేత ఒత్తుగా ఉండి కుట్టుకి నిలుస్తుంది. జరీ అంచు వస్తే పారెయ్యకు, లోపలి జేబుకి పనికొస్తుంది. పోచంపల్లి ఇక్కత్ గానీ పెడన కలంకారీ గానీ నాకెంత ఇష్టమైనా దీనికి వద్దు. కన్ను రంగుల మీదికి పోయి మడత కనబడదు. నల్లది కూడా వద్దు, నీడని మింగేస్తుంది. కొలెట్ వోల్ఫ్ రాసిన ది ఆర్ట్ ఆఫ్ మ్యానిప్యులేటింగ్ ఫ్యాబ్రిక్ అనే పుస్తకం 1996లో వచ్చింది. మీ లైబ్రరీలో ఉందేమో అడుగు. అందులో నమూనాలన్నీ సాదా మస్లిన్ మీదే కుట్టి చూపించింది, రంగు లేకపోతేనే మడత మాట్లాడుతుంది కాబట్టి. 44 అంగుళాల పన్నా అయితే మీటరున్నర చాలు. రాత్రి నీళ్ళలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర తియ్యి. కుంచించుకునేదేదో ముందే కుంచించుకోనీ.

తర్వాత పది అంగుళాల చదరపు ముక్క ఒకటి కోసి నమూనా కుట్టు. దీన్ని దాటవేసిన వాళ్ళెవరికీ లెక్క కుదరదు. తిరగవైపు అంగుళం అంగుళం గళ్ళు పెన్సిల్‌తో గీసుకో, పెన్ను వద్దు. దారం జంటపోగు చేసి మైనం రాసుకో, చిక్కుపడదు. ఏటవాలుగా ఉన్న రెండు చుక్కల దగ్గర రెండు పోగులంత బట్ట సూదితో ఎత్తి, రెండు చుక్కలనీ దగ్గరికి లాగి, గట్టిగా ముడెయ్యి. అక్కణ్ణించి పక్క చుక్కకి వెళ్ళాలి. ఇక్కడే అందరి చెయ్యీ తడబడేది. ఈసారి దారం లాగకూడదు. గడి వెడల్పెంతో అంత దారం బట్ట మీద చదునుగా పడుకోవాలి. లాగకుండానే అక్కడ ముడెయ్యి. ఆ చుక్క నుంచి రెండో పక్కనున్న ఏటవాలు చుక్కని మళ్ళీ దగ్గరికి లాగు. ఒకటి లాగుడు, ఒకటి వదులు. వదలాల్సిన చోట లాగావంటే అటువైపు అల్లిక రాదు, ముద్ద వస్తుంది. రెండు మూడు వరసలయ్యేదాకా తిప్పి చూడకు, ఏమీ అర్థం కాదు. ఆ తర్వాత తిప్పితే మడతలు వాటంతటవే ఒకదాని కింద ఒకటి దూరి ఉంటాయి.

కుట్టాక ఆ ముక్క కొలువు. అడ్డంలో దాదాపు సగం దాకా తినేస్తుంది, నిలువులో అంత తినదు. నీ బ్యాగు ముఖం 13 అంగుళాల వెడల్పు, 12 ఎత్తు అనుకో. కుట్టు మార్జిన్ కలిపితే 14, 13. పది అంగుళాల ముక్క అడ్డంలో ఆరు తేలిందనుకో, 14ని పదితో హెచ్చవేసి ఆరుతో భాగించు. 23 పైచిలుకు వస్తుంది. 25 తీసుకో. నిలువుకి విడిగా ఇదే లెక్క. బ్యాగు ఆకారం ముందే కత్తిరించుకుని తర్వాత స్మాకింగ్ మొదలుపెట్టకు. మడత తినేదంతా తిన్నాకే బ్యాగు కొలత.

వెనక ముఖానికి స్మాకింగ్ వద్దంటాను. అది ఒంటికి, చీరకి రాసుకుంటూ ఉంటుంది, ఉబ్బెత్తు మడతలు అరిగిపోతాయి. అక్కడ టక్కులు వెయ్యి. చిన్నప్పుడు నీ పట్టులంగాకి అడుగున వేయించి, నువ్వు పొడుగయ్యేకొద్దీ మీ అమ్మ విప్పుతూ వచ్చిన టక్కులే. అర అంగుళం టక్కు ఒక్కోటీ అంగుళం బట్ట తింటుంది, ఎనిమిది వేస్తే ఎనిమిది అంగుళాలు ఎక్కువ తీసుకో. నిలువుగా కుట్టాక, మిషన్ మీద అడ్డంగా ఒక వరసలో అన్నిటినీ ఎడమకి పడుకోబెట్టి కుట్టు, మూడంగుళాలు వదిలి తర్వాతి వరసలో కుడికి. అలల్లా తిరుగుతాయి. పని తక్కువ, చూపు ఎక్కువ.

ఇక మోత. మందపాటి కోరా బట్ట 14, 13 కొలతకి కత్తిరించి, పేస్టింగ్ (బట్టని గట్టిపరిచే పొర) అంటించి, దాని మీద స్మాకింగ్ ముక్క పరుచు. అంచుల్లో మడతలన్నీ సమంగా సర్ది, గుండుసూదులు పెట్టి, చుట్టూ కచ్చా కుట్టు వెయ్యి. మధ్యలో కూడా అక్కడక్కడ ముడి దగ్గర రెండు కుట్లు వేసి కోరా బట్టకి పట్టించు, లేకపోతే కిందికి జారుతుంది. పేస్టింగ్ పొరపాటున కూడా మడతల ముక్కకే అంటించకు, ఉబ్బు చచ్చిపోతుంది. ఇస్త్రీ పెట్టె ఆనించకుండా పైనుంచి ఆవిరి మాత్రం చూపించు.

ముందు ముఖానికీ వెనక ముఖానికీ మధ్య మూడు వైపులా తిరిగే పక్కపట్టీ సాదాగా ఉండనీ. నాలుగంగుళాల మందం కావాలంటే ఐదు వెడల్పు, 38 పొడవు. దానికీ పేస్టింగ్ పెట్టు. మూలల దగ్గర పట్టీ మార్జిన్‌లో చిన్న గాట్లు పెడితే చక్కగా తిరుగుతుంది. అన్నీ కలిసే చోట మందం బాగా ఉంటుంది కాబట్టి మిషన్‌కి 16 లేదా 18 నంబరు సూది వేసుకో, జిప్పు కుట్టే సింగిల్ ఫుట్ పెట్టుకో, మూలల్లో మోటారు ఆపి చక్రం చేత్తో తిప్పు.

హ్యాండిల్‌కి అంగుళమున్నర నవారు వాడి, పైన బట్ట తొడుగు. దాని చివరలు మూడంగుళాలు లోపలికి దించి కోరా బట్టకే చదరపు ఆకారంలో, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు గీతలు వేసి కుట్టు. లైనింగ్ ఎత్తు పైబట్ట కంటే పావు అంగుళం తక్కువ పెట్టు. అప్పుడు లోపల పడ్డ బరువు లైనింగే పట్టుకుని నవారుకి అందిస్తుంది, నీ మడతల దాకా రాదు. అడుగున ప్లాస్టిక్ షీటు ముక్కకి బట్ట సంచీ తొడిగి ఊరికే పెట్టు, ఉతికేటప్పుడు తీసేయొచ్చు.

మార్కులేసే వాళ్ళ ముందు ఖాళీ బ్యాగు పెట్టకు. రెండు లావు పుస్తకాలు వేసి, భుజానికి తగిలించుకుని వెళ్ళు.

ఇవాళే ఆ పదంగుళాల ముక్క మొదలుపెట్టు, అయ్యాక కొరియర్‌లో పంపు. ఫొటో వద్దు, ముక్కే కావాలి. ముడి గట్టిగా పడిందో లేదో వేలితో తడిమితే గాని తెలియదు. నేను చూసి చెప్పేదాకా మిగతా బట్ట మీద కత్తెర పెట్టకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ